అప్‌డేట్: ఇత్తడి ఉక్కును పట్టుకోని సమస్య తీరింది

గేటు గొళ్ళెం కోసం 6 మిల్లీమీటర్ల ఉక్కు పట్టీకి చిన్న గొట్టాన్ని ఇంట్లో బ్రేజింగ్ (ఉక్కును కరిగించకుండా, కరిగిన ఇత్తడితో అతకడం) చేయబోతే, ఇత్తడి కడ్డీ కరిగి పూసల్లా దొర్లిపోతోందని లోగడ ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

విరిగిన అతుకును మా వీధిలోని వెల్డింగ్ షాపు మేస్త్రీకి చూపించగా, ఇత్తడి కింద ఉక్కు మీది నల్లటి పొర చెక్కుచెదరకుండా ఉందని ఆయన వెంటనే పట్టేశారు. గీరినట్టే అనిపించినా, నేను తీసింది పైపైన తుప్పును మాత్రమే. ఈసారి లోహం మెరిసేదాకా గ్రైండరుతో అరగదీసి, ఇత్తడి ఉక్కుకు అంటుకునేందుకు తోడ్పడే వెలిగారాన్ని (బోరాక్స్) నీళ్ళతో ముద్దచేసి పూశాను. అయినా సగమే అంటింది. మిగతా లోపం వేడిది. ఇత్తడి కరగడానికి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ కావాలి, నా గ్యాస్ టార్చి వేడినంతా మందపాటి పట్టీ లాగేసుకుంటోంది. ఇక్కడ ఒకరు చెప్పినట్టు మూడు వైపులా ఫైర్ బ్రిక్స్ (వేడిని తట్టుకునే ఇటుకలు) పేర్చి, మంటను కడ్డీ మీద కాక ఉక్కు మీదే నిలిపి, అది నారింజ రంగుకు తిరిగాక కడ్డీని తాకిస్తే ఇత్తడి సందులోకి తనంతట తానే పాకింది.

కడ్డీ నాసిరకమన్న అనుమానం నిజం కాదు, పాత కడ్డీతోనే పని జరిగింది. గొట్టానికి జింకు పూత ఉందేమోనని ఇక్కడ జరిగిన చర్చా వర్తించలేదు, ఆ పూత లేదు. ఉంటే మాత్రం వేడికి దాన్నుంచి వచ్చే పొగ ప్రమాదకరం, పూతను ముందే తొలగించాలి. గాజులా గడ్డకట్టిన వెలిగారాన్ని వేడినీళ్ళలో నానబెట్టి వైరు బ్రష్‌తో రుద్దడానికి పట్టిన సమయం అతకడానికి కూడా పట్టలేదు.