దసరాకి కారవాన్‌లో ఊటీ వెళ్దాం అంటున్నారు మావయ్యగారు, మొత్తం ఎంత పడుద్ది?

బెల్లందూరు బాబాయ్:
అందరికీ నమస్తే. మా మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది, పొద్దస్తమానం యూట్యూబ్‌లో అమెరికాలో ఆర్వీ (లోపలే మంచాలు, వంటగది ఉండే బండి, మన కారవాన్ లాంటిదే) వేసుకుని ఊళ్ళు తిరిగే రిటైరైన జంటల వీడియోలే చూస్తున్నారు. ఇప్పుడు దసరా సెలవలకి మనం కూడా అలాంటి బండే తీసుకుందాం, హోటల్ ఖర్చు ఉండదు, అత్తయ్యకి బయట తిండి పడదు కాబట్టి వంట బండిలోనే చేసుకోవచ్చు అని ఒకటే పోరు. బెంగళూరులో అద్దెకిచ్చేవాళ్ళు ముగ్గురికి ఫోన్ చేస్తే ఒకాయన రోజుకి 9 వేలన్నాడు ఇంకొకాయన 14 అన్నాడు, మూడో ఆయన ముందు డేట్లు చెప్పండి సార్ రేటు తర్వాత చెప్తా అన్నాడు, అంటే పండగ రేటు అని నాకు అర్థమైపోయింది. మేం నలుగురు పెద్దవాళ్ళం, ఆరేళ్ళ పాప. నాలుగు రోజులు. హోటల్ డబ్బులు నిజంగా మిగిలితే నాకేం అభ్యంతరం లేదు కానీ ఎక్కడో తేడా కొడుతోంది. వెళ్ళొచ్చినవాళ్ళు చేతిలోంచి మొత్తం ఎంత పోయిందో చెప్పండి. ఇంకోటి, నా దగ్గర మామూలు కారు లైసెన్సే ఉంది, టెంపో ట్రావెలర్ సైజు బండి నడపొచ్చా?

ఎలక్ట్రానిక్ సిటీ కోడలు:
మేం పోయిన డిసెంబర్‌లో వెళ్ళాం అండి, సేమ్ ఊటీ, సేమ్ నాలుగు రోజులు, నలుగురు పెద్దవాళ్ళు ఒక బాబు. లెక్క ఇంకా ఫోన్‌లోనే ఉంది, చూసి రాస్తున్నా. అద్దె రోజుకి 11 వేలు, నాలుగు రోజులకి 44 వేలు. డ్రైవర్ బేటా (రోజు భత్యం) రోజుకి 800 చొప్పున 3,200. 760 కిలోమీటర్లు తిరిగాం, లీటర్‌కి 9 ఇచ్చింది, డీజిల్ 7,700 అయింది. టోల్, తమిళనాడు ట్యాక్స్ కలిపి 2,600. రాత్రిళ్ళు బండి పెట్టుకోడానికి 3,200. ఇవన్నీ ఊహించినవే, ఊహించనిది ఏంటంటే డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడు? లోపల మా అత్తగారూ మావగారూ పడుకుంటే ఆయన్ని లోపల పడుకోమనలేం కదా, ఊటీ చలికి ముందు సీట్లో పడుకోమంటే పాపం. రెండు రాత్రులు లాడ్జ్ తీసిచ్చాం, 1,600. ఇది కాక తిరిగొచ్చేటప్పుడు ఒక చెట్టు కొమ్మ పైన ఏసీ కవర్‌కి గీసుకుంది, డిపాజిట్‌లో 6 వేలు కట్. కూరగాయలు, పాలు కలపకుండానే 68 వేలు దాటింది. ఇన్నోవా మాట్లాడుకుని రెండు రూములు తీసుకుంటే 50 లోపు అయిపోయేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు 😀

మొదటి రాత్రి సంగతి చెప్పాలి. మైసూరులో టిఫిన్లు, షాపింగ్ అని లేట్ చేసుకుని గుండ్లుపేట దాటేసరికి 9 అయిపోయింది. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్ళు వదలరు, ఊటీ రోడ్డైనా వయనాడ్ రోడ్డైనా అంతే. సరే కారవాన్ ఉందిగా అని వెనక్కొచ్చి పెట్రోల్ బంక్‌లో పెట్టాం, వాచ్‌మన్‌కి 200 ఇచ్చాం (పైన 3,200లో ఇదీ ఉంది). పక్కనంతా లారీలు, ఇంజన్లు ఆపరు, దోమలు. ఏసీ వేస్తే రెండు గంటలకే బ్యాటరీ కుయ్యిమంది. 12 వోల్టుల 200 ఏహెచ్ బ్యాటరీ అంటే నిండా ఉన్నా రెండున్నర యూనిట్లు కూడా ఉండదు అండి, ఒక టన్ను ఏసీ గంటకి దాదాపు యూనిట్ లాగేస్తుంది, ఇండక్షన్ స్టవ్ అయితే ఇంకా ఎక్కువ. పొద్దున కాఫీ పెట్టుకోడానికి కరెంట్ లేదు, బంక్ ఎదురుగా టీ కొట్టుకి వెళ్ళి తాగాం. వంట బండిలోనే అని బయల్దేరింది మేమే!

ఇక టాయిలెట్. దాని కింద క్యాసెట్ అని బయటికి లాగే డబ్బా ఉంటుంది, అంతా అందులోకే, 20 లీటర్లు పడుతుంది, ఐదుగురికి ఒకటిన్నర రోజు. నిండాక ఎవరు తియ్యాలి? డ్రైవర్ నా పని కాదన్నాడు, కరెక్టే. మా ఆయన మొహానికి కర్చీఫ్ కట్టుకుని ట్రాలీ బ్యాగ్ లాగినట్టు దాన్ని లాక్కుంటూ హోంస్టే బాత్రూమ్ దాకా వెళ్ళారు, ఆ హోంస్టే ఆయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. తర్వాతి రోజు నుంచి అందరం హోంస్టే బాత్రూమే వాడాం. అంటే రూమ్ ఒక్కటి తప్ప హోటల్‌లో డబ్బు కట్టేవన్నీ కట్టాం.

ఊటీకి ఈ-పాస్ మర్చిపోకండి, 2024 మే నుంచి బయటి బళ్ళకి తప్పనిసరి, ఫ్రీనే కానీ సీజన్‌లో రోజుకిన్ని బళ్ళని లిమిట్ పెడుతున్నారు. మసినగుడి వైపు 36 హెయిర్‌పిన్లుండే కల్లట్టి ఘాట్ జోలికి ఈ బండితో అస్సలు వెళ్ళొద్దు, గూడలూరు మీదుగానే.

వైట్‌ఫీల్డ్ గుంటూరోడు:
మీ మావయ్యగారికి నా తరఫున ఒక మాట చెప్పండి, అమెరికా వీడియో చూసి ఇక్కడ లెక్క వెయ్యకూడదు అని. నేను అక్కడ ఆరేళ్ళుండి వచ్చా. అమ్మానాన్న వచ్చినప్పుడు లాస్ వేగాస్‌లో 25 అడుగుల ఆర్వీ తీసుకుని జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ తిప్పాను. అక్కడ కూడా చీప్ కాదు బాబాయ్. రాత్రికి 150 డాలర్లు అని చూసి క్లిక్ చేశా, తర్వాత మైళ్ళకి వేరే, జనరేటర్ గంటలకి వేరే, దుప్పట్లకీ గిన్నెలకీ వేరే, క్లీనింగ్ వేరే. అది గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళు ఇస్తుంది, అంటే మన లెక్కలో లీటర్‌కి నాలుగు కిలోమీటర్లు, పైగా పెట్రోల్. మా నాన్న ప్రతి బంక్‌లో మీటర్ తిరగడం చూసి లోపలికెళ్ళి కూర్చునేవారు.

కానీ అక్కడ ఉన్నది, ఇక్కడ లేనిది ఒకటుంది. బండి పెట్టుకునే చోటు. ఆర్వీ పార్క్‌లో ఫుల్ హుకప్ సైట్ తీసుకుంటే నీళ్ళ పైపు, 30 లేదా 50 యాంప్ కరెంట్, మురుగు పోయే పైపు మూడూ అక్కడే, తగిలించుకోవడమే. ప్రైవేట్ పార్కుల్లో నాకు రాత్రికి 60, 70 డాలర్లు పడింది. నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లు దాంట్లో సగమే, కానీ చాలావాటిలో హుకప్ ఉండదు, బాగా పేరున్నవి ఆరు నెలల ముందు బుకింగ్ తెరిస్తే నిమిషాల్లో అయిపోతాయి. అది దొరక్కపోయినా డంప్ స్టేషన్ అని దారిలో ఉంటుంది, గొట్టం పెట్టి ఖాళీ చేసుకుని వెళ్ళిపోవచ్చు. పైన అక్క వాళ్ళ ఆయన పడ్డ బాధ అక్కడ ఉండదు (ఉంటుంది, గొట్టం సరిగ్గా బిగించకపోతే, అది వేరే కథ, ఇక్కడ వద్దు).

మావయ్యగారు చూసే ఆ జంటల లెక్క ఇంకోటి. వాళ్ళది సొంత బండి. చాలామంది ఇల్లు అమ్మేసో అద్దెకిచ్చో వచ్చినవాళ్ళు, నెలల తరబడి ఒకచోటే ఉంటారు. ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అని ఉంది, అక్కడి ప్రభుత్వ ఎడారి భూమిలో సెప్టెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా, ఏడు నెలలకి పర్మిట్ 180 డాలర్లు. మామూలు ప్రభుత్వ భూముల్లో అయితే చాలా చోట్ల 14 రోజుల దాకా ఫ్రీగా ఉండనిస్తారు. అలా ఉన్నవాడికి గిట్టుబాటు అవుతుంది, నాలుగు రోజులు అద్దెకి తీసుకుని రోజూ 200 కిలోమీటర్లు తోలేవాడికి అక్కడా ఇక్కడా గిట్టదు. అన్నట్టు ఎవరైనా ఇక్కణ్ణుంచి అక్కడికి టూర్‌కి వెళ్తుంటే, నేషనల్ పార్కుల ఏడాది పాస్ 80 డాలర్లుండేది, 2026 నుంచి బయటి దేశాల వాళ్ళకి 250 చేశారు, చూసుకోండి.

బ్యాచిలర్ ఇన్ బీటీఎం:
అద్దె ఎందుకు బ్రో, సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ కొని లోపల ప్లైవుడ్‌తో బెడ్ కొట్టిస్తే? మేం నలుగురు ఫ్రెండ్స్ అదే ప్లాన్‌లో ఉన్నాం.

పాత డీజిల్:
తమ్ముడూ కొట్టించే ముందు ఆర్టీవోకి వెళ్ళు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52, బండి కంపెనీ ఇచ్చినదానికి మార్పులు ఇష్టమొచ్చినట్టు చెయ్యకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కారవాన్లకి ఏఐఎస్-124 అని వేరే స్టాండర్డే ఉంది, దాని ప్రకారం కట్టి ఆర్సీలో ఎక్కితేనే అది కారవాన్. ఎక్కకపోతే ఎక్కడో ఒక యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాడు లోపల గ్యాస్ స్టవ్ ఫోటో తీసి క్లెయిమ్ కొట్టేస్తాడు. ప్లైవుడ్ ఖర్చు చూడకు, అది చూడు. నిలబెట్టేది ఎక్కడ మళ్ళీ? బీటీఎంలో బైక్ పెట్టడానికే గొడవలు.

బాబాయ్ లైసెన్స్ అడిగాడు కదా, 7,500 కిలోల లోపు బండైతే మామూలు ఎల్ఎంవీ (కారు లాంటి తేలికపాటి బళ్ళ) లైసెన్స్‌తో ట్రాన్స్‌పోర్ట్ (అద్దెకి తిప్పే) బండి కూడా నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్సీలో బరువు చూసుకో చాలు. నడపొచ్చు అంటే నడపగలవు అని కాదు, గూడలూరు ఘాట్‌లో మొదటిసారి అంత పొడుగు బండి వద్దు, డ్రైవర్‌ని పెట్టుకో. ఇంకా, సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండికి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటాయి, అంటే సొంత బండి లెక్కలోకి రాదు, ఫాస్టాగ్ ఏడాది పాస్ ఉంది కదా, 3 వేలకి 200 ట్రిప్పులని 2025 ఆగస్ట్‌లో మొదలుపెట్టారు, అది సొంత బళ్ళకే, దీనికి పని చెయ్యదు. టోల్ ఎంతో అంతా కట్టాల్సిందే. అద్దెకిచ్చేవాడు పాస్ ఉంది సార్ అంటే నమ్మకు.

ప్రొద్దుటూరు పిల్లోడు:
అన్నా ఊటీ యాడికన్నా దసరాకి, జనం మీద జనం, అక్టోబర్‌లో వాన కూడా. నా మాట విని గండికోటకి రా. బెంగళూరు నుంచి 280 కిలోమీటర్లు, బాగేపల్లి, కదిరి, పులివెందుల, జమ్మలమడుగు, ఊటీ అంత ఘాట్ ఉండదు. పెన్నా లోయ అంచున కూర్చుంటే పెద్దాయన యూట్యూబ్ మర్చిపోతాడు. ఒక్క రాత్రికి బండి తీసుకో, రెండు రోజుల అద్దె, అంతే. ఎట్లుంటుందో పెద్దాయనకి తెలిసిపోతుంది. అత్తామామలకి అక్కడి హరిత (టూరిజం వాళ్ళ హోటల్)లో ఒక రూమ్ ముందే చెప్పి పెట్టుకో, బండిలో నిద్ర పట్టకపోతే పోయి పడుకుంటారు, బాత్రూమ్ బాధ కూడా తీరుతుంది. పగలు మాత్రం ఎండ బాగానే ఉంటుంది, రేకు డబ్బా కాలుతుంది, సాయంత్రం చేరేట్టు చూసుకో. మర్నాడు ఓపికుంటే బేలం గుహలు.

బెల్లందూరు బాబాయ్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఎలక్ట్రానిక్ సిటీ కోడలు గారి పోస్ట్ మొత్తం మావయ్యగారికి గట్టిగా చదివి వినిపించా. 68 వేలు అన్నప్పుడు ఏమీ అనలేదు, ఆ క్యాసెట్ దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి, ఇదెవరు తీస్తారు మరి అన్నారు. ఇంట్లో అందరూ నా వైపు చూశారు. గండికోట ఫిక్స్, ఒక్క రాత్రి, రూమ్‌తో సహా. అద్దెకిచ్చే ఆయన రెండు రోజులకి 21 వేలన్నాడు, డ్రైవర్ బేటా, డీజిల్, టోల్, ఏపీ ట్యాక్స్ వేరే, 560 కిలోమీటర్లకి డీజిల్ 5,700 వేసుకుంటున్నా. అన్నీ కలిపి 35 దాటకుండా ఉంటే చాలు. పిల్లోడా, డ్రైవర్‌కి అక్కడ పడుకోడానికి ఏమైనా దొరుకుతుందా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
దొరుకుతుందిలే అన్నా, అక్కడ టెంట్లు అద్దెకిచ్చే పిల్లోళ్ళు ఉంటారు, చలి కూడా ఉండదు. ట్యాంక్ మాత్రం బాగేపల్లిలోనే, కర్ణాటక దాటకముందే ఫుల్ చేయించు, ఆంధ్రాలో డీజిల్ రేటు ఎక్కువ.