లాంబ్డా కొట్టిన రోజు ముఖం మంట, నీళ్లు తగిలితే ఇంకా ఎక్కువ

మొన్న ఆదివారం పొద్దున 7 నుంచి 10 దాకా ఎకరం పత్తికి లాంబ్డా సైహలోత్రిన్ 5 ఈసీ అనే పురుగుమందు కొట్టాను. లీటరు నీళ్లకు 1 మి.లీ., 16 లీటర్ల ట్యాంకులు 12. తువ్వాలు చుట్టుకున్నా గాలి ఎదురు తిరిగి బుగ్గల మీద తుంపర పడింది. అప్పుడేమీ అనిపించలేదు. మధ్యాహ్నం 1 గంటకు చీమలు పాకినట్టు మొదలై, సాయంత్రానికి మిరపకాయ రుద్దినట్టు మంట. పొక్కుల్లేవు, ఊపిరి బాగానే ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగాను. చన్నీళ్లకు, చెమటకు ఇంకా రేగింది. ఆర్‌ఎంపీ ఇచ్చిన అలర్జీ మాత్రతో తగ్గలేదు, కొబ్బరినూనెతోనే కాస్త నయం. మర్నాటి సాయంత్రానికి దానంతటదే పోయింది. పోయినేడూ ఈ మందుకే ఇదే తంతు. ఇమిడాక్లోప్రిడ్ అనే ఇంకో పురుగుమందు కొట్టినప్పుడు ఎప్పుడూ లేదు.

వచ్చే వారం మళ్లీ కొట్టాలి. ఎండలో మూడు గంటలు ఉక్కపోయకుండా, ముఖమంతా కప్పే తొడుగు మీలో ఎవరైనా ఏది వాడుతున్నారు?