పార్టిషన్లు మార్చాక బూట్ అవ్వట్లేదు, రిపేరా ఫార్మాటా?

కొత్తగా_వచ్చా
అందరికీ నమస్తే. తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత వచ్చేసింది, ఈ డ్రైవ్ ఎలాగూ ఖాళీయే కదా అని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని డిలీట్ చేశా. అయినా సీ మీద రైట్ క్లిక్ కొడితే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులోనే ఉంది. చూస్తే మధ్యలో రికవరీ పార్టిషన్ అని ఒకటి అడ్డం. విండోస్ దాన్ని తియ్యనివ్వలేదు, సరే అని ఏదో పార్టిషన్ టూల్ దించుకుని తీసేశా. ఆ ఊపులో డిస్క్ మొదట్లో 100 ఎంబీది ఇంకోటి కనిపించింది, లెటర్ లేదు, 100 శాతం ఖాళీ అని చూపిస్తోంది, చెత్త అనుకుని అదీ పీకేశా. సీ పెరిగింది, సంబరపడ్డా. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, నో బూటబుల్ డివైస్. సీలో డాక్యుమెంట్లు, డీలో ఫొటోలు, బ్యాకప్ లేదు. రిపేర్ అవుతుందా, ఫార్మాట్ కొట్టి మళ్ళీ విండోస్ వేసుకోవాలా? ఇంకో ల్యాప్‌టాప్ ఉంది, పెన్‌డ్రైవ్ తయారు చేసుకోగలను.

ఫ్రెష్‌కాపీ
ఫార్మాట్ బ్రో, ఆలోచించకు. లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచే లినక్స్) పెన్‌డ్రైవ్ మీద బూట్ చేసి సీలో డాక్యుమెంట్లు బయటికి కాపీ చేసుకో, అరగంట పని. తర్వాత సీ ఒక్కటే ఫార్మాట్ చేసి విండోస్ వెయ్యి, డీ ముట్టుకోకు. సాయంత్రానికి మెషిన్ శుభ్రంగా ఉంటుంది. రిపేర్ అని మొదలుపెడితే రెండు రాత్రులు పోతాయి, చివరికి ఫార్మాటే చేస్తావు.

చూస్తున్నా
100 శాతం ఖాళీ అని నాకూ చూపిస్తోంది. అమ్మో, ముట్టుకోను ఇంక.

సెక్టార్_జీరో
ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. అతని విండోస్‌కి ఏమీ కాలేదు. పోయింది ఈఎఫ్ఐ పార్టిషన్ ఒక్కటే. మదర్‌బోర్డ్‌లో ఉండే యూఈఎఫ్ఐ ముందు ఆ చిన్న పార్టిషన్‌లోకే వెళ్ళి బూట్ ఫైల్ వెతుక్కుంటుంది, అది లేకపోతే వెనకాల విండోస్ బంగారంలా ఉన్నా దానికి కనపడదు. లెటర్ ఉండదు కాబట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ దాని లోపలికి చూడదు, అందుకే 100 శాతం ఖాళీ అని అబద్ధం చెప్తుంది. ఎంత మంది దీనికి బలయ్యారో.

తమ్ముడూ, విండోస్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ చేసి దాని మీద బూట్ చెయ్యి, మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్ ఎఫ్10 కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్క్‌పార్ట్ (పార్టిషన్లు చేసే టూల్) లోకి వెళ్ళి లిస్ట్ డిస్క్, నీ డిస్క్ సెలెక్ట్ చేసుకో, జాగ్రత్త, పెన్‌డ్రైవ్‌ని సెలెక్ట్ చేసేవు. ఆ 100 ఎంబీ జాగా అక్కడే ఖాళీగా ఉండి ఉంటుంది. క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ, సైజ్ 100. ఫ్యాట్32 లో క్విక్ ఫార్మాట్. ఎస్ అని లెటర్ ఇవ్వు. బయటికొచ్చి, బూట్ ఫైళ్ళు మళ్ళీ రాసే బీసీడీబూట్ కమాండ్‌కి సీ లోని విండోస్ ఫోల్డర్ చూపించి, ఎస్ లోకి, యూఈఎఫ్ఐ రకం అని చెప్పు. అంతే, అయిదు నిమిషాలు. ఒక్కటి మాత్రం చూసుకో, ఇన్‌స్టాలర్‌లో డ్రైవ్ లెటర్లు తారుమారు అవుతాయి, నీ సీ అక్కడ డీ అయి కూర్చోవచ్చు, లిస్ట్ వాల్యూమ్‌లో సైజు చూసి గుర్తుపట్టు.

ఎంబీఆర్_మావయ్య
ఒక్క నిమిషం. డిస్క్ ఎంబీఆరా జీపీటీనా, అంటే పార్టిషన్ టేబుల్ పాత పద్ధతా కొత్త పద్ధతా అని ఇక్కడ ఒక్కరైనా అడిగారా? ఎవరికి వాళ్ళు మందు రాసేస్తున్నారు. లిస్ట్ డిస్క్ కొట్టినప్పుడు చివరి కాలమ్‌లో చుక్క ఉంటే జీపీటీ, లేకపోతే పైన చెప్పినదంతా దండగ.

సెక్టార్_జీరో
మావయ్యా, ఈఎఫ్ఐ పార్టిషన్ 100 ఎంబీ ఉందంటే జీపీటీ కాక ఇంకేమవుతుంది.

ఎంబీఆర్_మావయ్య
ఊహించడం వేరు, చూడటం వేరు. పాత ఎంబీఆర్ డిస్క్‌లో కూడా సిస్టమ్ రిజర్వ్‌డ్ అని మొదట్లో చిన్న పార్టిషన్ ఉండేది, విండోస్ 7 లో అది సరిగ్గా 100 ఎంబీయే. ఇతను ఈఎఫ్ఐ అన్న మాట ఎక్కడా అనలేదు, అన్నది నువ్వు.

పెంగ్విన్_పిల్ల
మావయ్య పాయింట్ కరెక్టే.

ఫ్రెష్‌కాపీ
చూశారా, అయిదు నిమిషాల పని అన్నారు, ఏ రకం డిస్కో కూడా ఇంకా తేలలేదు.

కొత్తగా_వచ్చా
చుక్క ఉంది అండి. జీపీటీ. ఆగలేక గూగుల్‌లో చూసి బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ అని ఒక రిపేర్ కమాండ్ కొట్టాను, సక్సెస్ అంది, ఏమీ మారలేదు. ఫిక్స్‌బూట్ కొడితే యాక్సెస్ ఈజ్ డినైడ్ అంటోంది. పాడు చేశానా?

ఎంబీఆర్_మావయ్య
పాడవ్వలేదు, బాగుపడనూ లేదు. మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బూట్ కోడ్, 64 పార్టిషన్ టేబుల్, చివరి 2 సంతకం. ఫిక్స్‌ఎంబీఆర్ రాసేది ఆ బూట్ కోడ్‌ని. జీపీటీ డిస్క్‌లో యూఈఎఫ్ఐ ఆ కోడ్‌ని అసలు చదవనే చదవదు, పాత టూల్స్ ఈ డిస్క్ ఖాళీ అనుకోకుండా కాపలాగా ఒక ఉత్తుత్తి ఎంబీఆర్ పెడతారంతే. అసలు టేబుల్ దాని తర్వాతి సెక్టార్ నుంచి మొదలవుతుంది, దాని నకలు డిస్క్ చివర ఉంటుంది. ఈ ఫిక్స్‌ఎంబీఆర్ సలహాని ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో కానీ జలుబుకీ కాలు విరిగినదానికీ అదే మాత్ర.

ఫ్రెష్‌కాపీ
మావయ్యా క్లాస్ బాగుంది, అతనికి మాత్రం ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ కాలేదు.

కొత్తగా_వచ్చా
ఫ్రెష్‌కాపీ గారు చెప్పినట్టు ముందు డాక్యుమెంట్లు తీసేసుకుందామని లైవ్ లినక్స్ వేశా. సీ మీద క్లిక్ చేస్తే పాస్‌ఫ్రేజ్ అడుగుతోంది. డీ కూడా అదే అడుగుతోంది. నేను ఎప్పుడూ ఏ పాస్‌వర్డూ పెట్టలేదు!! విండోస్ పాస్‌వర్డ్ ఇస్తే తప్పు అంటోంది.

చూస్తున్నా
అయిపోయింది.

పెంగ్విన్_పిల్ల
ఏమీ అయిపోలేదు, భయపెట్టకండి. అది బిట్‌లాకర్, డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం. చాలా ల్యాప్‌టాపుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని దానంతట అదే ఆన్ అయి ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళ్ళిపోతుంది. ఫోన్‌లో ఆ అకౌంట్‌లోకి వెళ్ళి రికవరీ కీస్ చూడండి, 48 అంకెలు ఉంటాయి. రెండు డ్రైవ్‌లకి రెండు వేర్వేరు కీలు, పక్కన కీ ఐడీ చూసి ఏది దేనిదో పోల్చుకోండి. రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ తర్వాతే ఏ పనైనా.

సెక్టార్_జీరో
ఇప్పుడు అందరూ ఒకసారి పైకెళ్ళి మొదటి సలహా చదవండి. "సీ ఒక్కటే ఫార్మాట్ చెయ్యి, డీ ముట్టుకోకు." డీ రోజూ అడక్కుండా ఎందుకు తెరుచుకుంటోందో తెలుసా, దాన్ని తెరిచే తాళం సీ లోపల దాచి ఉంటుంది కాబట్టి. సీ ఫార్మాట్ చేసిన మరుక్షణం డీ కూడా తాళం వేసుకుని కూర్చుంటుంది. అకౌంట్‌లో కీ లేకపోతే ఫొటోలు కళ్ళెదురుగా ఉండి కూడా లేనట్టే. పైగా ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ ట్రిమ్ (ఈ జాగాలో డేటా ఇంక అక్కర్లేదు అనే ఆదేశం) పంపుతుంది, ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ వచ్చినా సున్నాలే చదువుతుంది. వెనక్కి తిరిగి రాలేని పనిని ముందు చెయ్యమంటారా ఎవరైనా?

ఫ్రెష్‌కాపీ
నేను కాపీ చేసుకున్నాకే ఫార్మాట్ అన్నా. సగం వాక్యం కోట్ చెయ్యడం నీకు అలవాటే. నీ బీసీడీబూట్ కూడా తాళం వేసిన సీ మీద పని చెయ్యదు కదా, ఆ మాట నువ్వు ముందు చెప్పావా? లేదు. నాకు తెలీలేదు సరే, నీకూ తెలీలేదు.

ఎంబీఆర్_మావయ్య
ఇంకో విషయం, ఇందాకట్నుంచి డిలీట్‌నీ ఫార్మాట్‌నీ కలిపేస్తున్నారు. పార్టిషన్ డిలీట్ చేస్తే పోయేది టేబుల్‌లో ఒక వరస, మామూలు హార్డ్ డిస్క్‌లో లోపలి డేటా అక్కడే ఉంటుంది, టెస్ట్‌డిస్క్ అనే టూల్‌తో వెతికితే చాలాసార్లు ఆ వరస మళ్ళీ రాసేయొచ్చు. ఫార్మాట్ వేరే సంగతి.

ఫ్రెష్‌కాపీ
మావయ్యా ప్లీజ్.

నేను మా ఆఫీసులో అందరి మెషిన్లూ చూస్తా, జీతంలో భాగం కాదు, మొహమాటం. ఒక కొలీగ్ ల్యాప్‌టాప్ ఇలాగే బూట్ అవ్వకపోతే సెక్టార్ లాంటి వాళ్ళ పోస్టులు చదివి రాత్రంతా కూర్చుని రిపేర్ చేశా. బూట్ అయింది, దండం పెట్టాడు. 12 రోజులకి, రిపోర్ట్ ఇవ్వాల్సిన ముందు రాత్రి మళ్ళీ చచ్చింది. ఆ మనిషి నన్ను నలుగురిలో ఏమన్నాడో ఇక్కడ రాయలేను. రిపేర్ చెయ్యమని చెప్పినవాడు ఏదో ఊళ్ళో హాయిగా నిద్రపోతుంటాడు, తిట్లు తినేది చేతులు పెట్టినవాడు. కొత్తగా వేసిన విండోస్ చెడితే కంపెనీని తిడతారు. అతుకు వేసినది చెడితే నన్ను తిడతారు.

సెక్టార్_జీరో
ఆ డిస్క్ స్మార్ట్ రిపోర్ట్, అదే డిస్క్ ఆరోగ్యం రిపోర్ట్, చూశావా అప్పుడు? రీఅలోకేటెడ్ సెక్టార్లు (పాడైతే డిస్క్ పక్కన పెట్టేసినవి) ఎన్ని?

ఫ్రెష్‌కాపీ
తర్వాత చూశా. ఉన్నాయి.

సెక్టార్_జీరో
అంటే డిస్కే చచ్చిపోతోంది. ఫ్రెష్‌గా వేసినా అదే రాత్రి పోయేది. డిస్క్ తప్పుని రిపేర్ మీదికి తోసి ఇన్నేళ్ళుగా అందరికీ ఫార్మాట్ రాసిస్తున్నావు.

ఫ్రెష్‌కాపీ
నువ్వు కూర్చున్న చోట నుంచి ఎన్నైనా చెప్తావు. నీ చేత్తో ఎవరి మెషినైనా ముట్టుకున్నావా ఎప్పుడైనా? ముట్టుకుని ఉంటే ఇంత ధైర్యంగా మాట్లాడవు.

చూస్తున్నా
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరూ...

సెక్టార్_జీరో
ముట్టుకున్నా. మా అక్క ల్యాప్‌టాప్. అప్పుడు నేను నీకంటే పెద్ద ఫార్మాట్ భక్తుణ్ణి. నేనే లినక్స్ పక్కన వేసి, వద్దనుకుని ఆ పార్టిషన్ డిలీట్ చేశా, తర్వాత ఆన్ చేస్తే గ్రబ్ రెస్క్యూ అని నల్ల స్క్రీన్. ఇప్పుడైతే పది నిమిషాల పని అది, లినక్స్‌ని బూట్ చేసే గ్రబ్ తన ఫైళ్ళున్న పార్టిషన్ కోసం వెతుక్కుంటోంది అంతే, యూఈఎఫ్ఐ సెట్టింగ్స్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదట పెడితే సరిపోయేది. నాకు తెలీదు. అక్కని అడిగా, సీలో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా అని. లేవు, అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నా అంది. నేను సరే అని ఫార్మాట్ కొట్టేశా. డెస్క్‌టాప్ కూడా సీలోనే ఉంటుందని ఆవిడకి తెలీదు, ఆవిడకి తెలీదన్న సంగతి నాకు తట్టలేదు. థీసిస్ కోసం తిరిగి రికార్డ్ చేసిన ఇంటర్వ్యూలు మొత్తం. తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే అడుగుతున్నా, నువ్వు "కాపీ చేసుకున్నాకే" అంటావు చూడు, ఏది కాపీ చేసుకోవాలో అవతలివాడికి తెలుసని నీకు ఎవరు చెప్పారు?

పెంగ్విన్_పిల్ల
😔

ఫ్రెష్‌కాపీ
సరే. అది వేరే విషయం, అది నాకు అర్థమైంది. కానీ నా ప్రశ్నకి నువ్వు కూడా జవాబు చెప్పలేదు. ఇతను నీ మాట విని రిపేర్ చేసుకుని వచ్చే నెల మళ్ళీ ఇక్కడికొస్తే నువ్వు ఉంటావా? నేనైతే నా పేరు మీద ఒప్పుకోగలిగినదే చెప్తా. నాకు ఫార్మాట్ ఇష్టమై కాదు, ఆ తర్వాత ఏం జరిగినా నా మీదకి రాదని.

సెక్టార్_జీరో
అదే కదా నా గొడవ. నీ మీదకి రాకుండా చూసుకుంటున్నావు, అతని ఫైళ్ళ మీదకి వచ్చినా పర్లేదు.

ఫ్రెష్‌కాపీ
నీది మాత్రం పుణ్యమా, అక్కకి చేసినదానికి ఇక్కడ ఊళ్ళోవాళ్ళ డిస్కులతో ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నావు.

ఎంబీఆర్_మావయ్య
ఇద్దరూ ఆపండి. తమ్ముడూ కీలు దొరికాయా?

కొత్తగా_వచ్చా
దొరికాయి మావయ్యా, రెండూ అకౌంట్‌లోనే ఉన్నాయి, రాసుకున్నా. డీలో ఫొటోలు లినక్స్ నుంచే బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించా. సీ కూడా తెరిచి యూజర్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేశా, డెస్క్‌టాప్ తో సహా (పైన చదివాక ముందు అదే చూసుకున్నా). ఇప్పుడు బీసీడీబూట్ చెయ్యనా?

పెంగ్విన్_పిల్ల
చెయ్యండి. ఇన్‌స్టాలర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు మేనేజ్ బీడీఈ అన్‌లాక్ కమాండ్‌కి సీ కీ ఇచ్చి తెరవండి, తెరిచాకే మిగతావి. బూట్ ఫైళ్ళు కొత్తవి కాబట్టి మొదటిసారి ఆన్ అయినప్పుడు ఆ 48 అంకెలు ఇంకోసారి అడగొచ్చు, కంగారు పడకండి. పని చెయ్యకపోతే ఫ్రెష్‌కాపీ గారి దారి ఎలాగూ ఉంది, ఇప్పుడు దాంతో పోయేదేం లేదు.

ఫ్రెష్‌కాపీ
థాంక్స్ అండి, కనీసం ఒకరు.

కొత్తగా_వచ్చా
ఆన్ అయిందీ!!! అంకెలు అడిగింది, ఇచ్చా, నా వాల్‌పేపర్ చూడగానే ఏడుపొచ్చింది. డీ కూడా మామూలుగానే తెరుచుకుంది. సెక్టార్ గారికి, ఫ్రెష్‌కాపీ గారికి, అందరికీ థాంక్స్. ఒక్క చిన్న డౌట్. రికవరీ పార్టిషన్ తీసేశా కదా, విండోస్ రికవరీ ఉందో లేదో చూద్దామని రీఏజెంట్‌సీ ఇన్ఫో కమాండ్ కొడితే డిసేబుల్డ్ అంటోంది. అలాగే వదిలెయ్యొచ్చా?

ఫ్రెష్‌కాపీ
వదిలెయ్. పెన్‌డ్రైవ్ ఉంది కదా, అదే నీ రికవరీ. ఇంక పార్టిషన్లు ముట్టుకోకు.

సెక్టార్_జీరో
వదలకు. సీ చివర్లో ఒక 1 జీబీ తగ్గించి మళ్ళీ చేసుకోవచ్చు, చెప్తా ఆగు.

ఎంబీఆర్_మావయ్య
అసలు ఆ ఈఎఫ్ఐ పార్టిషన్ ఎంత పెట్టావు తమ్ముడూ, 100 ఏ పెట్టావా?