వైజాగ్ చలికాలం ట్రిప్: ప్లాన్ కుదిరి చావడం లేదు, ఎవరైనా చెప్పండి

దారితప్పిన బాటసారి:
పొద్దుటి నుంచి కాగితం మీద రాస్తూ కొట్టేస్తూ కూర్చున్నాను. తల వాచిపోయింది. కురుసుర జలాంతర్గామి చూడాలి, సింహాచలం దర్శనం, అరకు, ఒక సాయంత్రం కచేరీయో నాటకమో దొరికితే అదీ. మంచి చేపల భోజనం చెయ్యాలి. రాత్రి సముద్రం కనబడేలా కూర్చుని రెండు పెగ్గులు. పెద్ద కోరికలేం కావు కదా! ఒకటి ఇరికిస్తే ఇంకోటి ఎగిరిపోతోంది. యూట్యూబ్‌లో ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెబుతున్నాడు. హోటల్ బీచ్ రోడ్డులోనే బుక్ చేశాను కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఏ రోజు ఏది పెట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి. "గూగుల్ చెయ్" అని మాత్రం అనకండి, దండం పెడతాను.

ఉప్పుగాలి:
ఎప్పుడు? ఎంతమంది?

బురుజుపేట బాబాయ్:
బాబూ, చలికాలంలో విశాఖ వస్తూ జాబితాలో కనకమహాలక్ష్మి అమ్మవారి పేరే రాయలేదు. మార్గశిరమంతా ఉత్సవాలే. గురువారాలైతే బుధవారం అర్ధరాత్రి నుంచే బురుజుపేట వీధుల్లో క్యూ కడతారు. గర్భగుడికి పైకప్పు ఉండదు. కులమతాల పట్టింపు లేదు, ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు, పసుపు కుంకుమ మన చేత్తోనే వేసుకోవచ్చు. అక్కడి నుంచి అలా వన్‌టౌన్ తిరగండి. కురుపాం మార్కెట్ చూడండి. రేవు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద రాస్ హిల్ చర్చి. సంస్కృతి అంటే ఇది. ఇవేవీ చూడకుండా సిరిపురంలో కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఉప్పుగాలి:
ఆయన తేదీలే చెప్పలేదు బాబాయ్.

దారితప్పిన బాటసారి:
చలికాలం అన్నానుగా అండీ. డిసెంబరు రెండో వారం. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో శనివారం పొద్దున దిగుతాం. దిగగానే అదే స్టేషన్‌లో అరకు రైలు ఎక్కేద్దామని. ఆదివారం సింహాచలం. సోమవారం జనం తక్కువ కాబట్టి కురుసుర, ఆ రాత్రికి వెనక్కి.

ఉప్పుగాలి:
సోమవారం కురుసుర మూత.

దారితప్పిన బాటసారి:
అదేంటండీ, ఒక్క వీడియోలోనూ చెప్పలేదే!

కిరండూల్ పాసింజర్:
కురుసుర సంగతి తర్వాత. గోదావరి దిగి అరకు రైలు ఎక్కడం జూదం. అది ఏడు లోపే కదిలిపోతుంది. మీ బండి కాస్త ఆలస్యమైతే దాని తోక కూడా కనబడదు. పైగా అద్దాల పెట్టెకి (విస్టాడోమ్) రిజర్వేషన్ అప్పటికప్పుడు దొరకదు, 60 రోజుల ముందు తెరిచినప్పుడే చూసుకోవాలి. ఇంకో మాట. ఇది టూరిస్టుల కోసం వేసిన లైను కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. కొండల్లో 58 సొరంగాలు. దారిలో శిమిలిగూడ ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి. రైల్లో వెళ్ళి రోడ్డు మీద రండి. తిరుగు రైలెక్కితే దారిలోనే చీకటి పడుతుంది, సొరంగం లోపలా బయటా ఒకటే.

అనంతగిరి అల్లుడు:
కుడివైపే అని లేదు గురూ, లోయ రెండు వైపులా వస్తుంది. అసలు అరకు వెళ్ళి రైలు గురించి మాట్లాడతారేంటి? డ్రింక్స్ అన్నారుగా, పొద్దున్నే దించిన జీలుగు కల్లు తాగాలి. తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులిసి తలకెక్కుతుంది. పక్కన బొంగులో చికెన్. స్టార్ హోటల్ పెగ్గులు హైదరాబాద్‌లో దొరకవా?

కిరండూల్ పాసింజర్:
ఎక్కువ దూరం కుడివైపే. నేను ఆ లైన్లో తిరిగినవాణ్ణి.

దారితప్పిన బాటసారి:
కల్లు కుదరదండీ, అమ్మ పక్కనే ఉంటుంది. నేను తాగుతానని ఆవిడకి తెలీదు.

ఉప్పుగాలి:
అమ్మగారూ వస్తున్నారా! ఎంత వయసు?

దారితప్పిన బాటసారి:
మామూలుగా ఫ్యామిలీ ట్రిప్ అంటే అందరూ వస్తారు కదా. అరవై దాటింది. మోకాళ్ళ నొప్పులు. గుడ్డు కూడా తినదు.

ఉప్పుగాలి:
అయితే బొర్రా గుహలు తీసేయండి, మెట్లు ఎక్కువ. కురుసుర లోపలా అంతే. గదికీ గదికీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాలు, వంగి కాలెత్తి దాటాలి. మీరు వెళ్ళి రండి, ఆవిణ్ణి బయట బీచ్‌లో కూర్చోబెట్టండి. సింహాచలం కొండ మీదికి బస్సులూ కార్లూ వెళతాయి, మెట్లు అక్కర్లేదు. తిరుగు బండి ఎన్నింటికి?

దారితప్పిన బాటసారి:
అదే గోదావరి. సాయంత్రం అయిదు దాటాక అనుకుంటా.

ఉప్పుగాలి:
మరి "రాత్రికి వెనక్కి" అన్నారు! సోమవారం కూడా అరకు లేనట్టే. వదిలేయండి.

దారితప్పిన బాటసారి:
అరకు లేకుండా వైజాగ్ ఏంటండీ, ఆఫీసులో నవ్వుతారు.

బురుజుపేట బాబాయ్:
అరకు వైజాగ్‌లో లేదు బాబూ, 110 కిలోమీటర్లు పైనే ఉంది. జిల్లా కూడా ఇప్పుడు వేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఎంవీపీ మేడ మీద:
హోటల్ బీచ్ రోడ్డులో ఎక్కడ?

దారితప్పిన బాటసారి:
బీచ్ రోడ్డులోనే. అడ్రసులో ఋషికొండ అని ఉంది.

బురుజుపేట బాబాయ్:
అది బీచ్ రోడ్డు కాదు! బీచ్ రోడ్డంటే కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా. ఊళ్ళో ఎవరినైనా అడగండి.

ఎంవీపీ మేడ మీద:
బాబాయ్, మీ కాలంలో అంతే. ఇప్పుడు భీమిలి దాకా అందరూ బీచ్ రోడ్డనే అంటారు, బోర్డులూ అలాగే ఉన్నాయి.

బురుజుపేట బాబాయ్:
బోర్డు రాసినవాడు ఊరివాడు కాదు.

ఉప్పుగాలి:
పేరు ఏదైనా ఆర్కే బీచ్‌కి పది కిలోమీటర్ల పైచిలుకు. రోజూ తిరగాలి. కారుందా?

దారితప్పిన బాటసారి:
సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకుంటాను. రాత్రి అమ్మ పడుకున్నాక ఊళ్ళోకొచ్చి సరదాగా కూర్చుని వెళ్ళిపోవచ్చు.

శ్వాస పరీక్ష:
సరదాగా కూర్చుని, కారు నడుపుకుంటూ వెళతారా? 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక ఇసుకలో సీసా తెరిచి కూర్చుందామనుకుంటే అదీ కేసే. చట్టం వదిలేద్దాం, ఋషికొండ వైపు ఆ రోడ్డు మలుపుల్లో అర్ధరాత్రి బైకులు లైట్లు లేకుండా వస్తుంటాయి. అమ్మగారు పొద్దున లేచి పోలీస్ స్టేషన్‌కి రావాల్సివస్తే అప్పుడు తెలుస్తుంది ఆవిడకి మీరు తాగుతారని. మనవాళ్ళకి ట్రిప్ అంటే మందు, మందు అంటే కారు. ఈ జబ్బు ఎప్పటికి వదులుతుందో.

అనంతగిరి అల్లుడు:
పొద్దున్నే కల్లు తాగమన్నది అందుకే.

ఉప్పుగాలి:
సరే, వినండి. శనివారం దిగి నిద్రపోండి. మధ్యాహ్నం నుంచి కురుసుర. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన రష్యన్ జలాంతర్గామి, 2002లో ఇసుక మీదికి చేర్చి మ్యూజియం చేశారు. ఎదురుగా టీయూ-142 విమానం. ఆ రోడ్డులోనే డచ్ బంగళాలో విశాఖ మ్యూజియం, 1942లో జపాన్ వాళ్ళు ఊరి మీద వేసి పేలని బాంబు అందులో ఉంది. చీకటి పడ్డాక మూరీ (మరమరాల) మిక్చర్ తింటూ నడవండి. అమ్మగారికి జగదాంబ దగ్గర దసపల్లాలో శాకాహార భోజనం. ఆదివారం తెల్లవారుజామునే సింహాచలం, ఆలస్యమైతే క్యూలో పోతుంది రోజంతా. సాయంత్రం పిఠాపురం కాలనీ కళాభారతిలోనో సిరిపురం గురజాడ కళాక్షేత్రంలోనో ఏముందో ముందురోజు పేపర్లో చూసుకోండి. సోమవారం ఎలాగూ ఋషికొండలోనే ఉన్నారు కాబట్టి పొద్దున తొట్లకొండ బౌద్ధ స్థలం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్ వాళ్ళ సమాధులు. అన్నీ అటువైపే, కార్లో కూర్చున్నా అమ్మగారికి సముద్రం కనబడుతుంది. రెండింటికల్లా వెనక్కి తిరగాలి. పెగ్గులు మీ హోటల్లోనే బార్ ఉంటే అక్కడ, లేకపోతే ఊళ్ళోకి క్యాబ్‌లో.

బురుజుపేట బాబాయ్:
సింహాచలంలో ఇప్పుడు స్వామి చందనంలోనే ఉంటాడు. నిజరూపం అక్షయతృతీయ నాడే. అమ్మగారికి ముందే చెప్పండి. అయినా ఈ ప్లాన్‌లోనూ కనకమహాలక్ష్మి అమ్మవారు లేదు.

ఎంవీపీ మేడ మీద:
చేపల సంగతి ఎవరూ చెప్పలేదు. వంజరం వేపుడు ఎక్కడైనా దొరుకుతుంది, చందువ పులుసు ఉందా అని అడగండి. దొరికితే ఒక్క ముక్కతో ఆపలేరు.

కిరండూల్ పాసింజర్:
అరకు వదిలేయడం అన్యాయం. శుక్రవారం సెలవు పెట్టి ఒకరోజు ముందు రండి.

దారితప్పిన బాటసారి:
సెలవు ఇస్తే ఈ గొడవంతా ఎందుకండీ. థాంక్స్ అందరికీ, హోటల్ వాళ్ళకి ఫోన్ చేసి చూస్తాను.

ఎంవీపీ మేడ మీద:
హోటల్ మారుస్తున్నారా? అలాగైతే సోమవారం ప్లాన్ తిరగబడుతుంది.

చక్రాల బ్యాగు:
మంచి చర్చ. మాదీ ఇలాంటిదే, కానీ సంక్రాంతికి. విశాఖ బండ్లలో స్లీపర్ దొరుకుతుందా? ఇంకా నెల ఉంది.

ఉప్పుగాలి:
దొరకదు.