‘శారదనీరదేందు’లో మందారం ఏ రంగు?

అమలాపురం డాక్టరు: పింగాణీ పంటికి రంగు ఎంచేటప్పుడల్లా సరస్వతి తెల్లదనాన్ని పొగిడే పోతన గారి ‘శారదనీరదేందు’ పద్యం నాలుక మీద ఆడుతుంది. ‘ఫణీశ కుంద మందార సుధాపయోధి...’ అన్నీ తెల్లనివే కదా, మధ్యలో మందారం ఎలా దూరింది? మా పెరట్లోది ఎర్రగా పూస్తుంది. పంటి రంగు పోల్చుకునే పలకల వరుస, అదే షేడ్ గైడు, అందులో ‘ఎ’ పలకలా ఎరుపు జీర ఉన్న తెలుపనా?

రాజమండ్రి మాస్టారు: పెరటి మందారంతో పోతనను చదవకండి డాక్టరు గారూ. ఇది దేవతరువు. ప్రహ్లాదుడి నోట ‘మందార మకరంద’ అన్నదీ దాన్నే.

పాలకొల్లు: దేవతరువే, సరే. పువ్వు తెలుపని ఎవరన్నారు మాస్టారూ? అమరకోశంలో మందారం పారిభద్రానికీ పేరే, అంటే మన బాడిద, నిప్పులాంటి ఎరుపు. జిల్లేడుకూ పేరే. తెల్లజిల్లేడు అనుకుంటే పద్యం గట్టెక్కుతుంది.

భీమవరం, పళ్ళ ల్యాబు: ఇంత దూరం ఎందుకు? ప్రాస చూడండి. శారద, హార, కారత. రెండో పాదం ‘కుంద మం’ దగ్గర విరిగి మూడోది ‘దార’తో మొదలవుతుంది. రంగు చూసి కాదు, రకారం చూసి తెచ్చాడు.

మాస్టారు: ప్రాసకు తడుముకునే కవా ఆయన!

భీమవరం: తడుముకున్నాడనలేదు. ‘ఎ’ పలక మాట మాత్రం ఒప్పుకోను. వీటా కంపెనీ క్లాసికల్ గైడులో పలకలు 16. ‘ఎ’ ఎరుపు గోధుమ, ‘బి’ ఎరుపు పసుపు, ‘సి’ బూడిద, ‘డి’ ఎరుపు బూడిద. పద్యంలో వెండికొండకూ నురుగుకూ తేడా ఎరుపులో లేదు, వెలుగులో ఉంది. వాళ్ళ 3డి మాస్టర్ గైడులోనూ ముందు వెలుగు, తర్వాత గాఢత, ఆఖరున రంగు చూడమంటారు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టని కుర్రవాడు ఒకడు మా దగ్గర పనిచేశాడు. పలక పంటి పక్కన పెడితే వెలుగు మెట్టు ఠక్కున చెప్పేవాడు, ‘ఎ’నా ‘బి’నా అంటే నీళ్ళు నమిలేవాడు. పలకలు కలిపేసి జతలు పెట్టించే సాధనతో చెయ్యి తిరిగింది గానీ, కన్ను మారదు కదా. రంగు మాట మరొకరు సరిచూడాల్సిందే.

డాక్టరు: అది ఎక్స్ క్రోమోజోముతో వచ్చే లోపం, మగవాళ్ళలోనే ఎక్కువ. కన్ను బాగున్నవాళ్ళూ పొరబడతారు. పన్ను తడి ఆరితే అసలుకన్నా తెల్లగా కనిపిస్తుంది, అందుకే పని మొదలుపెట్టకముందే చూడాలి. అదీ నాలుగైదు సెకన్లే. తదేకంగా చూస్తే కన్ను అలసి తేడాలు చెరిగిపోతాయి.

పాలకొల్లు: మీ పళ్ళు పక్కన పెట్టండి. అసలు తగవు ‘సిత తామర సామర వాహినీ’ దగ్గర. సామరను చామరం అనుకునేవాళ్ళు మా ఊళ్ళో నలుగురున్నారు. అది తామరస, అమరవాహిని. తెల్లతామర, ఆకాశగంగ అన్నమాట.

మాస్టారు: విరుపు సరే. మరి ఆకాశగంగ తెలుపేమిటంటారు? గోదారి ఒడ్డున పుట్టి, ఎర్రని వరద తప్ప చూడనివాళ్ళం. శ్రీనాథుడు మా ఊరి ఆస్థానంలో ఉన్నవాడు, ఆయన్ని అడగాలి.

పాలకొల్లు: ఆయన మీ ఊరికెప్పుడు సొంతమయ్యాడు మాస్టారూ?