నోటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ప్లే నొక్కితే గీత కదులుతోంది, శబ్దం రావట్లేదు

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. మాయామాళవగౌళలో జంట స్వరాలు స్టాఫ్ నోటేషన్‌లో (ఐదు గీతల స్వరలిపిలో) ఎక్కించి, క్లాసులో టెంపో 60కి తగ్గించి వినిపిస్తుంటాను. అలా వింటే శుద్ధ రిషభం వాళ్లకు త్వరగా పట్టుబడుతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తీసేసిన దగ్గర్నుంచి ప్లే నొక్కితే స్వరాల మీద నీలం గీత కదులుతోంది తప్ప చప్పుడే లేదు. అదే ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ చక్కగా వినిపిస్తోంది. మిక్సర్‌లో ఏదీ మ్యూట్‌లో లేదు. వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే అందులో అన్ని స్వరాలూ ఉన్నాయి, కాబట్టి సౌండ్‌ఫాంట్ (వాద్యాల శబ్దాలు ఉండే ఫైల్) బాగానే ఉన్నట్టు.

ఆడియో సెట్టింగ్స్‌లో ఇంకా హెడ్‌ఫోన్సే కనిపిస్తున్నాయి. స్పీకర్లకు మారిస్తే మొదటి షడ్జమం ఒక్క క్షణం మోగి ఆగిపోతోంది. విండోస్‌లో శాంపిల్ రేట్ (శబ్దాన్ని సెకనుకు ఎన్ని శాంపిల్స్‌గా తీసుకుంటుందో ఆ లెక్క) 48,000 హెర్ట్జ్, సాఫ్ట్‌వేర్‌లో 44,100 ఉంది. ఈ తేడా వల్లేనా? రెండూ ఒకటి చేయాలా, లేక స్పీకర్ల ప్రాపర్టీస్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ (ఒకే ప్రోగ్రామ్ స్పీకర్లను పూర్తిగా తన చేతిలోకి తీసుకోనిచ్చే సెట్టింగ్) తీసేయాలా? ఆదివారం క్లాసు ఉంది, టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది సరిచేసుకున్నవాళ్లు ముందు ఏది మార్చి చూడాలో దయచేసి చెప్పండి.