కథలో మెటఫర్ పండిందో లేదో ఎలా తెలుస్తుంది? మూడు వాక్యాలు పెడుతున్నా, చూసి చెప్పండి

వెన్నెలబడి:

అందరికీ నమస్కారం. నేను కథలు రాస్తుంటాను, ఎక్కువగా పల్లెటూళ్ళ కథలే. ఈమధ్య ఒక కథ చదివిన ఫ్రెండ్ "బాగుంది కానీ పోలికలు అతికించినట్టున్నాయే" అంది. ఏవి అలా అనిపించాయి అనడిగితే సరిగ్గా చెప్పలేకపోయింది, చదువుతూ చదువుతూ అక్కడక్కడ ఆగిపోతున్నా అంది అంతే. అప్పట్నుంచీ నాకు ఇదే ఆలోచన.

సీన్ ఏంటంటే, కోటయ్య అనే రైతు గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తెచ్చి రాత్రంతా అక్కడే పడుకున్నాడు, పొద్దున ధర చెప్పారు, అనుకున్నదానికన్నా బాగా తక్కువ. కూతురి కాలేజీ ఫీజు, పురుగుమందుల కొట్లో బాకీ అన్నీ ఆ డబ్బుల మీదే పెట్టుకుని ఉన్నాడు. ఆ ధర విన్న క్షణాన్ని మూడు రకాలుగా రాశాను:

ఒకటి: "ధర వినగానే కోటయ్య మొహం వాడిపోయిన పువ్వులా అయిపోయింది."

రెండు: "అప్పుల ఊబిలో పీకల్దాకా కూరుకుపోయిన కోటయ్య ఆశల మొలకల మీద ఆ ధర పిడుగులా పడి బూడిద చేసేసింది."

మూడు: "ధర విని కోటయ్య ఏమీ అనలేదు. తడిసిన మిరపకాయ బస్తాలా ఒక పక్కకి ఒరిగి కూర్చుండిపోయాడు."

నాకు మూడోది నచ్చింది కానీ ఎందుకో చెప్పమంటే చెప్పలేను, రెండోది మాత్రం రాస్తున్నప్పుడు చాలా పవర్‌ఫుల్‌గా అనిపించింది. ఒక పోలిక పండటానికీ ఇంకోటి తేలిపోవటానికీ కారణం ఏంటి, దానికేమన్నా పద్ధతి ఉందా, లేక రాయగా రాయగా రావాల్సిందేనా? ఉపమ వేరు రూపకం వేరు అని బళ్ళో చెప్పింది గుర్తుంది, ఇక్కడ రెండిట్నీ కలిపే అడుగుతున్నా.

గుంటూరోణ్ణి:

మేడమ్ మూడోదే, డౌటే లేదు. ఎందుకో నేను చెప్తా, మా ఇంట్లో మిర్చి పండిస్తాం కాబట్టి.

ఎండుకాయ నింపిన బస్తా బిర్రుగా నిలబడుద్ది, చేత్తో కాయ పట్టుకుని నలిపితే లోపల గింజ గలగలమంటది, కొనేవాడు ముందు చూసేది అదే. కళ్లంలో ఆరబోసినప్పుడు వాన పడిందనుకోండి, పట్టాలు కప్పేలోపు తడిసిపోయిందనుకోండి, కాయ మెత్తబడుద్ది, రంగు తగ్గిద్ది, బూజు పడుద్ది. అప్పుడు బస్తా ఎత్తితే బరువెక్కువ, అమ్మబోతే ధర తక్కువ. చూశారా, మోసేవాడికి భారం ఎక్కువైంది, విలువ మాత్రం పోయింది. కోటయ్య పరిస్థితి అచ్చం అదే కదా. మీరు "ఒరిగి" అన్న ఒక్క మాటతో ఆగారు, కానీ తడిసిన కాయ ఎట్టుంటదో తెలిసినోడికి మిగతాదంతా దానంతటదే వచ్చేసింది.

ఇప్పుడు మొదటిది చూడండి. పువ్వు వాడిపోవటానికి కనీసం ఒక పూట పడుద్ది, పొద్దున కోసింది సాయంత్రానికి వాడుద్ది. ధర వినటం ఒక్క సెకను పని. స్పీడు కుదరలేదు. పైగా ఆ పువ్వు ఎవరి మొహానికైనా పెట్టొచ్చు, పరీక్ష తప్పిన పిల్లాడికి పెట్టొచ్చు, బస్సు మిస్సయినోడికి కూడా పెట్టొచ్చు, కోటయ్యకే ఎందుకు అంటే జవాబు లేదు.

ఒక చిన్న మాట, మా యార్డులో బస్తా అనటం తక్కువ, టిక్కీ అంటారు, "ఇవాళ ఎన్ని టిక్కీలు వచ్చినయ్" అనే పేపర్లో కూడా రాస్తారు. కోటయ్య కళ్ళతో రాస్తున్నారు కాబట్టి "తడిసిన టిక్కీలా" అనండి. ఇంకోటి కూడా ఉంది వాడుకుంటే, రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటాం, గ్రేడింగ్‌లో ఆడవాళ్ళు కూర్చుని వాటిని ఎర్రకాయలోంచి ఏరి పక్కన పోస్తారు. పెళ్ళిలోనో పంచాయితీలోనో మనిషిని పట్టించుకోకుండా పక్కన పెట్టిన సీన్ ఉంటే తాలుకాయ పనికొస్తది. కానీ ఇక్కడ మాత్రం రెండూ కలిపి పెట్టొద్దు.

పాతబడి_మాస్టారు:

గుంటూరు తమ్ముడు "స్పీడు కుదరలేదు" అన్నాడే, దాన్ని ఇంత సూటిగా చెప్పినవాళ్ళని నేను తక్కువ చూశాను. నేను పాత లక్షణ గ్రంథాల వైపు నుంచి కొంచెం కలుపుతా, కాస్త పొడుగవుతుంది ఏమనుకోకండి.

బళ్ళో ఉపమకి నాలుగు అంగాలు చెప్తాం, ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండిటికీ కలిసే గుణం), ఉపమావాచకం ("వలె", "లా" లాంటి మాట). పిల్లలు చివరిది పట్టుకుంటారు, "వలె" కనిపిస్తే ఉపమ అని రాసేసి మార్కులు తెచ్చుకుంటారు. అసలు ప్రాణం మూడోదాన్లో ఉంది. "ఓ కృష్ణా, నీ కీర్తి హంసవలె ఆకాశగంగలో మునుగుతున్నది" అని అందరం చదువుకున్నాం కదా, అది ఇవాళ్టి పిల్లలకి ఎందుకు ఎక్కదు? కీర్తి తెల్లగా ఉంటుందని పూర్వం కవుల మధ్య ఒక ఒప్పందం, కవిసమయం అంటారు దాన్ని, నవ్వు కూడా తెల్లనే. హంసా తెలుపే, పైగా కీర్తి స్వర్గం దాకా పాకింది కాబట్టి అక్కడి గంగ. ఒప్పందం తెలిసిన రోజుల్లో అది టక్కున వెలిగేది, తెలియని వాడికి కీర్తికీ హంసకీ ఏం సంబంధమో అర్థం కాదు. అంటే సమానధర్మం వస్తువులో ఉంటే సరిపోదు, చదివేవాడి బుర్రలో కూడా ముందే ఉండాలి.

మరి దోషాలు? పాత సంస్కృత ఆలంకారికుల్లో భామహుడు, తనకన్నా ఇంకా పాతవాడైన మేధావి అనే ఆయన పేరు చెప్పి ఏడు ఉపమాదోషాలు, అంటే పోలికలో వచ్చే తప్పులు, ఇచ్చాడు, తర్వాత వామనుడు ఆరు అన్నాడు: ఉపమానం మరీ తక్కువదవటం, మరీ ఎక్కువదవటం, లింగం కలవకపోవటం, వచనం కలవకపోవటం, అసలు పోలికే లేకపోవటం, జరగని దాన్ని పట్టుకురావటం. ఇవన్నీ రూల్స్‌లా కనిపిస్తాయి, నిజమే, కానీ కావ్యాదర్శం అనే గ్రంథంలో దండి అనే ఇంకో ఆలంకారికుడు ఒక మాట అన్నాడు, నాకు శాస్త్రం మొత్తంలో అతి ఇష్టమైన మాట. లింగమో వచనమో తేడా వచ్చినా, ఎక్కువ తక్కువలైనా, చదివే బుద్ధిమంతుడికి అది చిరాకు పుట్టించకపోతే దోషం కాదన్నాడు. వెన్నెల గారూ, మీ ఫ్రెండ్ "ఆగిపోతున్నా" అందే, దండి పెట్టిన పరీక్ష అదే. ఆవిడ కారణం చెప్పలేకపోయినా ఆగిన చోటు మాత్రం కరెక్టుగానే ఆగి ఉంటుంది. ఈసారి కథ ఇచ్చి, ఆగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టమనండి చాలు.

ఇంక పోలిక ఎంత పని చేయగలదో చూడాలంటే కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో ఇందుమతీ స్వయంవరం చూడండి. ఆమె దండ పట్టుకుని రాజుల వరస ముందు నడుస్తూ ఉంటుంది. కాళిదాసు ఆమెని రాత్రిపూట కదులుతూ పోయే దీపశిఖతో పోల్చాడు, ఆమె దాటిపోయిన ప్రతి రాజూ దీపం దాటిపోయాక రాజమార్గంలో మేడలాగా వెలవెలబోయాడు అన్నాడు. ఇందులో ఆమె అందం గురించి విడిగా ఒక్క ముక్క లేదు. దీపం దగ్గరకొస్తుంటే మేడ మీద వెలుగు పడుతుంది, ఎదురుగా వచ్చినప్పుడు పూర్తిగా వెలుగుతుంది, దాటగానే చీకటి, మళ్ళీ పక్క మేడ. ఆశపడటం, కాసేపు వెలగటం, ఆరిపోవటం, వరసలో తర్వాతి వాడికి అదే జరగటం, మొత్తం స్వయంవరం నడక ఆ పోలికలో ఉంది. ఆయనకి దీపశిఖా కాళిదాసు అని పేరొచ్చింది ఈ ఒక్క శ్లోకంతోనే. పువ్వులాంటి మొహం అన్నప్పుడు రూపం మాత్రమే కలుస్తుంది, ఇక్కడ జరిగే పని కలిసింది. మీ మూడో వాక్యంలో కూడా తడవటం, బరువెక్కటం, ఒరగటం అన్నీ పనులే.

ఓరుగల్లు_పాఠకుడు:

మాస్టారు గారి మాటతోని నూటికి తొంభై ఒప్పుకుంట గని ఒక్క దగ్గర నాకు తేడా ఉంది. అన్ని అంగాలు కలవాలె, స్పీడు కలవాలె, బరువు కలవాలె అని లెక్కవెట్టుకుంట రాస్తే పోలిక పొడుపుకథ అయితది. చదివెటోడు కోటయ్యను ఇడిశిపెట్టి "ఓహో ఎంత బాగ కుదిరింది" అని రాసినోళ్ళను మెచ్చుకుంటడు, అప్పుడు కథ ఆగినట్టే గద. కలవని భాగం కూడా పనికొస్తది. తడిసిన కాయను మల్ల ఎండకేస్తే ఎంతో కొంత ఎండుతది, కోటయ్య మల్ల లేస్తడా లేదా అని నాకు లోపల ఒక ప్రశ్న వచ్చింది ఆ వాక్యం చదివినంక, అది ఆమె కావాలని పెట్టిందో లేదో నాకు తెల్వది గని వచ్చింది.

ఇగ రెండోది. దాంట్ల ఊబి, మొలక, పిడుగు, బూడిద నాలుగున్నయి. విడివిడిగా ఏదీ తప్పు కాదు, "అప్పుల ఊబి" అని పేపర్ల రోజూ చదువుతం, ఎవ్వరికీ బురద కనపడది, అది ఎప్పుడో చచ్చిపోయి మామూలు మాట అయిపోయింది. గని పక్కకు మొలక పెట్టంగనే అది మల్ల లేచి నిజం బురద అయితది, పిడుగు రాంగనే వాన గుర్తొస్తది, ఇంత తడిల బూడిద యాడికెల్లి వచ్చింది అని మనసు కొట్టుకుంటది. పాత మాటలు ఒక్కొక్కటిగ ఉన్నంతసేపు సప్పుడు చెయ్యవు, రెండు మూడు ఒక్క దగ్గర చేరితేనే కొట్లాడుకుంటయి. రాసేటప్పుడు పవర్ అనిపించేది అందుకే కావచ్చు, సప్పుడు ఎక్కువైతది గద.

అట్లని పాత మాటలు తీసెయ్యమని అంటలేను. "వాణ్ని మునగచెట్టు ఎక్కించిన్రు", "కండ్లు నెత్తికెక్కినయ్", "నీళ్ళు నములుతుండు", ఇవి డైలాగుల ఉండాలె, మనుషులు మాట్లాడేదే అట్ల. మునగకొమ్మ ఎంత పెళుసో తెల్వనోడు కూడా ఆ మాట సరిగ్గనే వాడుతడు. గని కథ చెప్పే గొంతు వేరే, అది డైలాగు లెక్క అరిగిపోయిన మాటల మీద నడిస్తే నేనైతే పేజీ తిప్పేస్త.

ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. "ధర విని కోటయ్య ఏమీ అనలేదు" అన్నంక అసలు పోలిక ఎందుకు? నాకైతే ఆ నాలుగు మాటలే చాలు అనిపించింది.

గుంటూరోణ్ణి:

అన్నా చివరి మాట ఒప్పుకోను. ఏమీ అనలేదు అంటే కోపంతో కూడా అనకుండా ఉండొచ్చు, రోషంతో లేచి వెళ్ళిపోయేవాడు కూడా ఏమీ అనడు. ఒరిగి కూర్చోవటంతోనే కదా అది ఏ రకం మౌనమో తెలిసింది.

ఓరుగల్లు_పాఠకుడు:

అది నిజమే తమ్మీ. ఉంచమను.

వెన్నెలబడి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. టిక్కీ మాట వెంటనే మార్చేశాను, రెండోది మొత్తం కొట్టేశాను. మాస్టారు గారు చెప్పిన పెన్సిల్ గీతల పని ఇవాళే ఫ్రెండ్‌కి అప్పజెప్పా.

మాస్టారు గారి హంస సంగతి చదివాక ఇంకో డౌట్ వచ్చింది. ఇదే కథలో ఇంకో చోట కోటయ్య కమీషన్ ఏజెంట్‌కీ బ్యాంకుకీ మధ్య తిరుగుతుంటే "కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు" అని రాశాను. చదివేవాళ్ళలో చాలామంది ఇరవై ఏళ్ళ సిటీ పిల్లలు, కుడితి అంటే ఏంటో వాళ్ళు చూసి ఉండరు. పక్కన వివరణ ఇవ్వాలా, తీసేయాలా, లేదా వాళ్ళకి తెలిసిన పోలిక, ఏదో ట్రాఫిక్ జామ్ లాంటిది పెట్టాలా?

చిత్తుప్రతి:

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నా, ఇది నా పని కాబట్టి ఒక మాట. నేను కథలు ఎడిట్ చేస్తుంటా.

వివరణ వద్దండీ, పోలిక పక్కన వివరణ పెడితే పాఠం చెప్తున్నట్టు ఉంటుంది. ట్రాఫిక్ జామ్ అసలే వద్దు, ఆ కథలో కోటయ్య బుర్రలోకి ట్రాఫిక్ జామ్ ఎక్కణ్ణుంచి వస్తుంది, చదివేవాళ్ళకి తెలిసిందని మనిషికి తెలియనిది పెడితే ఆ గొంతు రచయితది అయిపోతుంది. కుడితి ఉంచండి, కానీ రెండు మూడు పేజీలు ముందు ఎక్కడో కుడితి గోలెం సీన్‌లోకి తీసుకురండి. కోటయ్య భార్య బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ దాన్లో పోసి, తవుడు కలిపి గేదె ముందు పెట్టిందని రెండు వాక్యాలు, అంతకన్నా అక్కర్లేదు. ఆ గోలెం లోపలి అంచు జిగటగా ఉంటుందని ఒక్క ముక్క పడాలి, ఆవిడ చెయ్యి కడుక్కునేటప్పుడు పడినా చాలు. ఎలుక పైకి ఎక్కలేదు, జారుతుంది, అదే కదా ఆ మాటలో అసలు బాధ. అప్పుడు సిటీ పిల్లకి కూడా ఆ మాట వచ్చేసరికి గోలెం తెలిసే ఉంటుంది.

ఇంకోటి, "కుడితిలో పడ్డ ఎలుకలా" అని మొత్తం సామెత వాడితే అందరూ విన్నదే. గోలెం ముందే చూపించారు కాబట్టి మీరు ఎలుక పేరెత్తకుండా, బ్యాంకు మెట్ల దగ్గర కోటయ్యకి పట్టు దొరక్క జారుతున్నట్టు మాత్రం రాసి చూడండి, రెండు రకాలూ రాసి ఇక్కడ పెట్టండి. ఏది బాగుందో చూద్దాం, నాకైతే ముందే చెప్పటం కష్టం.